రాతలో జరిగే వైద్యం

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డాక్టరుగారిని ఈ సభకు పరిచయం చేయనక్కర్లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆయన ఇంజెక్షన్ తెలుసు, మిగతా సగానికి ఆయన చేతిరాత తెలుసు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్న రోజుల్లో, ఓపీ అయిపోయాక కాసేపు ఉత్తరాల పని పెట్టుకునేవారు. చుట్టుపక్కల పల్లెలనుంచీ, భిలాయి, బొంబాయి వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళనుంచీ ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి. జవాబు ఆయన ఏనాడూ కార్డు మీద రాయలేదు. కార్డయితే పోస్టాఫీసు మొదలుకుని వీధి అరుగు దాకా అందరూ చదువుతారని ఆయన జంకు. ప్రతి జవాబు అడుగునా ఒక హెచ్చరిక ఉండేది: ఫలానా లక్షణం కనబడితే మళ్ళీ ఉత్తరం రాస్తూ కూర్చోవద్దు, వెంటనే బయల్దేరి రండి అని. రోగి గుట్టు కాపాడటం, రాతకు హద్దు గీయడం ఆయనకు అలవాటుగా ఉండేవి. ఇవాళ మనం మార్గదర్శకాలుగా అచ్చువేసుకుంటున్నదీ ఆ రెండే.

ఆ ఇన్‌లాండ్ లెటర్ల స్థానంలో ఇప్పుడు ఈమెయిల్ ఉంది, వాట్సాప్ ఉంది, పెద్దాసుపత్రుల యాప్‌లు ఉన్నాయి. వీటి ద్వారా రోగి డాక్టరుకు రాయడం, డాక్టరు జవాబివ్వడం గురించే ఈ పూట నా మాటలు. నా వాదన ఒక్కటే. ఈ రాత కూడా వైద్యంలో భాగమే. కానీ దాన్ని వైద్యమని ఒప్పుకోకుండా దొడ్డిదారిన రానిచ్చాం. దానికి వేళ లేదు, పద్ధతి లేదు, రుసుం లేదు, రికార్డు లేదు. అందువల్ల రాసేవారూ నష్టపోతున్నారు, చదివేవారూ నష్టపోతున్నారు. రాతకు వైద్యంలో దాని చోటు దానికి ఇవ్వాలి.

ఉత్తరాల వైద్యం పాతదే

పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఉత్తరం ద్వారా వైద్యం చేయడం గౌరవమైన వృత్తి. ఎడిన్‌బరోలో వైద్యాచార్యుడైన విలియం కల్లెన్‌కు దూరప్రాంతాలనుంచి రోగులూ, వాళ్ళ వైద్యులూ రాసేవారు. ఆయన తన జవాబులకు నకళ్ళు ఉంచుకునేవాడు. మొదట్లో గుమాస్తా చేత రాయించేవాడు. ఆవిరియంత్రంతో పేరుపొందిన జేమ్స్ వాట్ ఉత్తరాలకు నకలు తీసే యంత్రం తయారుచేస్తే, 1781 నుంచి దాన్ని వాడాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఎడిన్‌బరో వైద్యుల కళాశాలలో వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. రోగికి ఏం చెప్పామో మన దగ్గర కూడా ఉండాలన్న బుద్ధి అప్పటికే ఉందన్నమాట.

ఆ కాలంలోనే స్విట్జర్లాండులోని లొసాన్‌లో తిస్సో అనే డాక్టరు ఉండేవాడు. వైద్యులు దొరకని పల్లె జనం కోసం 1761లో ఒక ఆరోగ్య గ్రంథం వేశాడు. అందులో ఒక భాగం, వైద్యుణ్ణి సంప్రదించేవారు తప్పనిసరిగా జవాబు చెప్పాల్సిన ప్రశ్నల జాబితా. వయసెంత, ఇదివరకు ఆరోగ్యం ఎలా ఉండేది, ఈ జబ్బు ఎన్నాళ్ళనుంచి, ఎలా మొదలైంది, జ్వరముందా, నిద్ర పడుతోందా, ఇప్పటికే ఏ మందులు వాడారు – ఇలా సాగుతుంది. స్త్రీలకూ, పిల్లలకూ వేరే ప్రశ్నలున్నాయి. రోగికి రాయడం రాదని విసుక్కోవడానికి బదులు, ఎలా రాయాలో నేర్పాడాయన.

తర్వాత ఈ పద్ధతి ఎందుకు వెనకబడింది? ఆనాటి వైద్యుడు రోగి చెప్పే కథ మీదే ఎక్కువ ఆధారపడేవాడు. కథ కాగితం మీద వచ్చినా సరిపోయేది. 1816లో లెనెక్ అనే వైద్యుడు స్టెతస్కోపు కనిపెట్టాడు, 1895లో ఎక్స్‌రే వచ్చింది. చెవి పెట్టి వినాలి, చేయి పెట్టి నొక్కాలి, లోపలికి చూడాలి అన్న వైద్యం బలపడింది. రోగి మన ఎదుట ఉండటం తప్పనిసరైంది.

ఇప్పుడు చక్రం కొంత వెనక్కి తిరిగింది. మన ఓపీల్లో బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమాలాంటి ఏళ్ళ తరబడి సాగే జబ్బులదే పెద్ద వాటా. బీపీ మిషనూ, గ్లూకోమీటరూ రోగి ఇంట్లోనే ఉన్నాయి. మందు మోతాదు సవరించడానికి కావలసిన అంకెలు చాలాసార్లు రోగి చేతిలోనే ఉంటున్నాయి. ఆ అంకెలు మాత్రమే చెప్పడానికి అరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి, టోకెన్ తీసుకుని, పూటంతా బెంచీ మీద కూర్చోవాలా? ఉత్తరానికి మళ్ళీ చోటు దొరికింది ఇక్కడే.

గదిలో చెప్పిన మాట నిలవదన్న సంగతి కూడా ఉంది. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం వరకు రోగులు వెంటనే మరిచిపోతారని 2003లో ఒక ప్రసిద్ధ సమీక్షా వ్యాసం తేల్చింది. కన్సల్టేషన్ ఎంతసేపు సాగుతుందో దేశదేశాల లెక్కలు పోల్చి 2017లో మరో అధ్యయనం వచ్చింది. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన లెక్క బంగ్లాదేశ్‌కే దగ్గర. అంత తక్కువ సమయంలో విని, అందులో సగం మరిచిపోయి ఇంటికెళ్ళిన మనిషికి రాత ఒక్కటే ఆసరా.

చట్టం ఏం చెబుతోంది

దూరంనుంచి వైద్యం చేయడంలో తెలుగునాడు ముందే అడుగువేసింది. 2000లో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలోవాళ్ళు టెలీమెడిసిన్ కేంద్రం పెట్టారు. కేంద్రప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈసంజీవని 2019 నవంబరులో మొదలైనప్పుడు ముందుగా అమలుచేసినదీ ఆంధ్రప్రదేశే. ఆ సేవలో గ్రామ ఆరోగ్యకేంద్రం సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని దూరంలోని డాక్టరుకు చూపిస్తారు.

అయితే రోగి నేరుగా డాక్టరుకు రాస్తే ఆ జవాబు చట్టం కళ్ళకు ఎలా కనబడుతుందన్నది చాలాకాలం తేలలేదు. 2018లో రత్నగిరికి చెందిన ఒక కేసులో, ఎదురుగా చూడకుండా ఫోన్‌లో మందులు చెప్పి నడిపించారన్న ఆరోపణ మీద డాక్టర్లకు బొంబాయి హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. దాంతో డాక్టర్లు ఉలిక్కిపడ్డారు. కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజుల్లోనే, 2020 మార్చి 25న, నీతి ఆయోగ్ సాయంతో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వీడియో, ఆడియో, టెక్స్ట్ అని మూడు పద్ధతుల్ని గుర్తించి, చాట్‌నూ ఈమెయిల్‌నూ టెక్స్ట్ కిందికే తెచ్చారు.

వాటిలో రోగులు తెలుసుకోవాల్సినవి కొన్ని చెబుతాను. మీ అంతట మీరు డాక్టరుకు రాస్తే, మీ సమ్మతి ఉన్నట్టే లెక్క. అదే జబ్బుకు ఆరు నెలల లోపు ఎదురుగా చూపించుకుని ఉంటే అది ఫాలో అప్. ఫాలో అప్‌లో పాత మందులు మళ్ళీ రాయవచ్చు, అదే జబ్బుకు అవసరమైతే ఇంకో మందు జత చేయవచ్చు. బీపీ ఒక మాత్రతో అదుపు కాకపోతే రెండోది కలపడం అలాంటిదే. తొలిసారి రాసే, డాక్టరు ముఖం కూడా చూడని రోగికి మెసేజీ మీద చెప్పగలిగినవి పారాసెటమాల్, ఓఆర్‌ఎస్‌లాంటి చీటీ అక్కర్లేని మందులే. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవీ, మందుల నిబంధనల్లోని షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్నవీ దూరంనుంచి రాయనే కూడదు. నిద్రమాత్ర పేరు మెసేజీలో పెట్టమంటే డాక్టరు పెట్టకపోవడం పొగరు కాదు. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును ప్రిస్క్రిప్షన్ల మీదా, మెయిళ్ళలోనూ చూపాలి. సంప్రదింపుల రికార్డు ఉంచాలి. ఎదురుగా చూసినప్పటిలాగే ఫీజు తీసుకోవచ్చు, రసీదు ఇవ్వాలి. రోగి నేను వచ్చే చూపించుకుంటానంటే వద్దనడానికి వీల్లేదు.

ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణలో జరుగుతున్నది వేరు. డాక్టరు సొంత నంబరుకు అర్ధరాత్రి మెసేజీ వెళ్తుంది. రెండు నీలం టిక్కులు పడతాయి. చూసి కూడా పలకలేదని ఇటువాళ్ళు బాధపడతారు. అటువైపు డాక్టరు పెళ్ళిభోజనంలో ఉండి ఒక చేత్తో ఫోను తీసి చూసి, ఇంటికెళ్ళాక రాద్దామనుకుని, తర్వాత వచ్చిన శుభోదయాల కింద ఆ మెసేజీ కూరుకుపోయి, మరిచిపోయి ఉంటాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. తప్పు ఆ ఏర్పాటుది. నా వరకు ఈమెయిలే మేలు. టిక్కుల తొందర ఉండదు, ఒక రోగి రాసినవన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఏడాది తర్వాత వెతికినా దొరుకుతాయి. కానీ మన జనం చేతికి వాట్సాప్ అలవాటు. అందుకని నేను చెప్పే పద్ధతులు రెండింటికీ వర్తించేవే.

ఎలా రాయాలి

అమెరికాలో 1998లోనే బెవర్లీ కేన్, డేనియల్ శాండ్స్ అనే ఇద్దరు వైద్యులు అక్కడి మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ సంఘం తరఫున డాక్టరు–రోగి ఈమెయిళ్ళకు మార్గదర్శకాలు రాశారు. జవాబు ఎంతసేపట్లో వస్తుందో ముందే చెప్పాలి, మెయిలు శీర్షికలో విషయం ఏమిటో పెట్టాలి, లోపల రోగి పేరు, నంబరు ఉండాలి, అత్యవసరాలకు మెయిలు వాడకూడదు, కోపమూ వెటకారమూ రాతలోకి రానివ్వకూడదు, మెయిళ్ళన్నీ కేసు షీటులో చేరాలి. ఇన్నేళ్ళ తర్వాత కూడా వీటిలో ఒక్కటీ పాతబడలేదు.

మన ఇంటి సంగతికి వద్దాం. ఇదిగో, ఏ డాక్టరు ఫోను తీసినా కనబడే మెసేజీ నమూనా ఒకటి:

‘సార్ గుడ్ ఈవినింగ్. నాన్నగారికి కాళ్ళు వాచాయి. ఏం వాడమంటారు?’

ఏ నాన్నగారు? వయసెంత? ఒక కాలా, రెండు కాళ్ళా? ఎన్నాళ్ళనుంచి? ఆయాసముందా? వాడుతున్న మందులేమిటి? డాక్టరు ఆరు ప్రశ్నలు అడగాలి. ఒక్కో ప్రశ్నకూ గంటకో జవాబు వస్తుంది. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని చూడాలి. రెండు కాళ్ళూ వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే గుండె సంగతి చూడాలి. అసలు కథ ఇంకేదో కూడా కావచ్చు. అదే నాన్నగారి గురించి ఇలా రాశారనుకోండి:

‘డాక్టరుగారూ, నమస్కారం. మీ దగ్గర బీపీకి చూపించుకుంటున్న ఫలానా వారి అబ్బాయిని. నాన్నగారి వయసు 68. ఆయన పక్కనే కూర్చుని రాస్తున్నాను. పోయినసారి మీరు ఆమ్లోడిపిన్ మాత్ర 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెంచారు. రెండు వారాలుగా సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి, తెల్లవారేసరికి తగ్గుతున్నాయి. ఆయాసం లేదు, పిక్కల్లో నొప్పి లేదు, మూత్రం మామూలుగానే ఉంది. ఈ వారం ఇంట్లో చూసిన బీపీలు: 128/78, 134/80, 130/76. వాడుతున్న మందులన్నిటి ఫొటో జతచేశాను. ఈ మాత్ర ఇలాగే కొనసాగించమంటారా, ఆయన్ని తీసుకురమ్మంటారా?’

చదవడానికి నిమిషం పట్టదు. ఆమ్లోడిపిన్ మోతాదు పెరిగినప్పుడు పాదాలు వాయడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. అయినా ఇంకేమీ లేదని నిర్ధారించుకోవడానికి కావలసిన ‘లేదు’లు కూడా ఆ ఉత్తరంలో ఉన్నాయి. ఉన్న లక్షణం ఎంత ముఖ్యమో, లేని లక్షణం కూడా అంతే ముఖ్యం. చివర ప్రశ్న సూటిగా ఉంది. డాక్టరు రెండు వాక్యాల్లో జవాబు రాసి, ఏ రోజు రావాలో చెప్పగలడు.

ఇందులో పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఎవరు, ఏ జబ్బు, ఎప్పటినుంచి, ఏం మారింది, ఏం లేదు, ఏం వాడుతున్నారు, ఏం అడుగుతున్నారు. ఒక ఉత్తరంలో ఒకే సమస్య. తెలుగులోనే రాయండి. సలుపు, పోటు, మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, పట్టేసినట్టు – ఈ మాటల్లో ఒక్కొక్కటీ డాక్టరుకు ఒక్కో దారి చూపిస్తుంది. రాయడం రాకపోతే ఫోనుకు చెబితే అదే టైపు చేస్తుంది, పంపేముందు ఒకసారి చదివి దిద్దుకుంటే చాలు.

అంకెల దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. థైరాయిడ్ మాత్ర కొలత మైక్రోగ్రాముల్లో ఉంటుంది, మిల్లీగ్రాము దానికి వెయ్యింతలు. మందు పేరు చేత్తో కొట్టకుండా, పేరూ మోతాదూ కనబడేలా షీటు వెనకవైపు ఫొటో తీయండి. లండన్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలు అక్కడి షుగరు అంకె చూసి ‘ఏడే ఉంది’ అని సంతోషిస్తూ రాస్తుంటారు. అక్కడి కొలత వేరు. పరగడుపున వాళ్ళ 7 అంటే మన 126. అది మధుమేహానికి గీసిన గీత మీద ఉన్నట్టు. అందుకే అంకె పక్కన కొలత తప్పనిసరిగా రాయాలి.

ఏం రాయకూడదు

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు. మూతి వంకరపోవడం, మాట ముద్దగా రావడం, ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోవడం. ఊపిరాడకపోవడం, ఫిట్స్, గర్భిణికి రక్తం పోవడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, పాముకాటు, పురుగుమందు. ఇవి ఉత్తరం రాయాల్సిన విషయాలు కావు. 108కి ఫోను చేయాలి, లేదా చేతికందిన వాహనం ఎక్కాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలు. అందులో రెండు గంటలు నీలం టిక్కుల కోసం ఎదురుచూస్తే మిగిలేదేమిటి? పాము కరిచినప్పుడు దాని ఫొటో కోసం గడ్డివాములో వెతికి డాక్టరుకు పంపాలని చూస్తారు. అక్కర్లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారైనదే. బతకాలని లేదన్న ఆలోచన వస్తే టెలీమానస్ 14416కు ఫోను చేయండి. అక్కడ ఏ వేళనైనా మనిషి పలుకుతాడు.

డాక్టర్ల వైపు కూడా రాయకూడనివి ఉన్నాయి. బయాప్సీలో కేన్సరని తేలితే ఆ మాట మెయిల్లో వెళ్ళకూడదు. ‘రిపోర్టు వచ్చింది, రేపు పొద్దున పది గంటలకు ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని రండి’ అని రాయవచ్చు. మిగతాది ఎదురుగా కూర్చుని చెప్పాల్సినదే.

అయితే ఇప్పుడు రిపోర్టు డాక్టరుకంటే ముందు రోగికే చేరుతోంది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి పరీక్షల ఫలితాలు ఆలస్యం లేకుండా రోగికి అందించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. మన దగ్గర నిబంధనతో పనిలేకుండానే ల్యాబులవాళ్ళు రాత్రి పదకొండింటికి పీడీఎఫ్ పంపిస్తున్నారు. అందులో ఎర్రక్షరాల్లో రెండు అంకెలు. ఇక ఆ ఇంట్లో నిద్రలేదు. వాళ్ళకు ఒక లెక్క చెప్పాలి. చాలా పరీక్షలకు ‘నార్మల్’ హద్దుల్ని ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది లోపల పడేలా గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో అయిదుగురు ఎప్పుడూ బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా అన్నీ హద్దుల్లోనే వచ్చే అవకాశం 36 శాతమే. ప్యాకేజీల పేరిట డెబ్బై పరీక్షలు చేయించుకునేవారికి ఎర్రక్షరం కనబడకపోతేనే ఆశ్చర్యం. అందుకని డాక్టరు పరీక్ష రాసేటప్పుడే, ‘రిపోర్టు వచ్చాక నేను చూసి ఫలానా రోజులోగా రాస్తాను, ఈ ఒక్క అంకె ఇంత దాటితే మాత్రం వెంటనే రండి’ అని చెప్పి పంపాలి.

ఎవరి ఫోను, ఎవరి జబ్బు

మన ఆసుపత్రి ఫైళ్ళమీద ఉండే నంబరు చాలాసార్లు రోగిది కాదు. భార్య ఫైలు మీద భర్తది, తల్లి ఫైలు మీద కొడుకుది, కోడలి ఫైలు మీద మామగారిది. డాక్టరు మంచి మనసుతో రాసిన జవాబు ముందుగా చదివేది ఎవరో తెలియదు. గర్భం రాకపోవడం గురించి, తెల్లబట్ట గురించి, దిగులు మాత్రల గురించి ఓపీలో అత్తగారి ముందు నోరు విప్పలేని ఆడపిల్లకు రాయగలగడం నిజంగా పెద్ద వరం. ఆ వరం ఆమె చేతిలో సొంత ఫోను ఉంటేనే పనికొస్తుంది. కాబట్టి డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ నంబరు ఎవరిదమ్మా? దీనికి రాయవచ్చా? 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, హెచ్‌ఐవీ–ఎయిడ్స్ చట్టం రెండూ రోగి గుట్టును హక్కుగా చెప్పాయి. ఆ రెండు జబ్బుల దగ్గరే కాదు, మొలల దగ్గర కూడా మనిషికి గుట్టు ఉంటుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలది ఇంకో తీరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు విజయవాడలో ఉన్న తండ్రి డాక్టరుకు పెద్ద మెయిలు రాస్తాడు. అక్కడ తన డాక్టరుతో ఆసుపత్రి పోర్టల్లో రాసుకోవడం అలవాటు, ఇక్కడా అదే ఆశిస్తాడు. దగ్గర లేనన్న బాధ ఆ మెయిలు నిండా ఉంటుంది. నేను అలాంటి ఉత్తరాలను తేలిగ్గా తీసుకోను. కానీ తండ్రి తెలివిలో ఉన్నాడు, తన మంచిచెడ్డలు తనకు తెలుసు. ఆయనకు చెప్పకుండా కొడుక్కి చెప్పడం తగదు. మార్గదర్శకాలు కూడా ఇదే అంటాయి. రోగి పక్కన లేనప్పుడు అతని తరఫున మాట్లాడేవారికి అధికారం ఉండాలి, లేదా రోగి ముందే ఎదురుగా వచ్చినప్పుడు వారిని డాక్టరుకు చూపించి ఉండాలి. దీనికి సులువైన మార్గముంది. తండ్రి ఓపీకి వచ్చినప్పుడే ‘మా పెద్దవాడికి చెప్పండి’ అని ఒక కాగితం మీద రాసి సంతకం పెడితే ఫైల్లో ఉంటుంది. ముగ్గురు పిల్లలుంటే ముగ్గురూ రాయకూడదు, ఒక్కరే రాయాలి. డాక్టరు జవాబు తండ్రికి కూడా వెళ్ళాలి.

డాక్టరు సమయం

ఇప్పుడు నా తోటి వైద్యుల మాట. మాకు రాత అంటే రెండు భయాలు. ఒకటి, రాసినది సాక్ష్యమవుతుందని. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చినప్పటినుంచి ఈ భయం పెరిగింది. కానీ రికార్డు ఇద్దరికీ రక్షణే. ‘రెండో రోజుకు జ్వరం తగ్గకపోతే రండి’ అని రాసిన వాక్యం మీ దగ్గర ఉంటే, ఆ రోజు మీరు మీ బాధ్యత నెరవేర్చారని చెప్పేది అదే. నోటిమాటకు ఆ బలం లేదు.

రెండోది, అంతులేని పని. ఇది నిజమైన భయం. అమెరికాలో పోర్టళ్ళు వచ్చాక డాక్టర్లు ఓపీ ముగిసి ఇంటికెళ్ళాక రాత్రిళ్ళు ఇన్‌బాక్స్ ఖాళీ చేస్తున్నారు. దాంతో అక్కడ ఈ పనికి వెల కట్టడం మొదలైంది. 2020నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్‌లో ఇలాంటి రాతపనికి ప్రత్యేక కోడ్‌లున్నాయి. ఏడు రోజుల్లో ఒక రోగికోసం వెచ్చించిన సమయం కనీసం అయిదు నిమిషాలుంటే లెక్కలోకి వస్తుంది. 2022 చివర్లో క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్దాసుపత్రి కొన్ని రకాల మెసేజీలకు ఫీజు పెడితే దేశమంతా చర్చ జరిగింది. మన దగ్గర ఫీజు తీసుకోవచ్చని మార్గదర్శకాలే చెప్పినా, అడగడానికి డాక్టరుకు మొహమాటం, ఇవ్వడానికి రోగికి ‘ఒక్క మెసేజీకి కూడానా’ అన్న విడ్డూరం. ఫలితం, ఉచితంగా అడిగినదానికి ఉచితంగా పొడిపొడి జవాబు. ఫాలో అప్ ఉత్తరానికి ఓపీ ఫీజులో కొంత భాగం పెట్టి, లేనివారికి మినహాయించి, రసీదిస్తే, ఆ జవాబుకు డాక్టరు కుర్చీలో కూర్చుని ఆలోచిస్తాడు. రోగి కూడా ప్రశ్నను కూడదీసుకుని రాస్తాడు.

కృత్రిమ మేధ చేత జవాబులు రాయించవచ్చు కదా అని కుర్రడాక్టర్లు అంటున్నారు. 2023లో అమెరికా వైద్యపత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోగులు అడిగిన 195 ప్రశ్నలకు డాక్టర్లిచ్చిన జవాబులనూ, చాట్‌జీపీటీ జవాబులనూ ఎవరివో చెప్పకుండా వైద్యనిపుణుల ముందు పెడితే, నూటికి 78 సందర్భాల్లో యంత్రం జవాబే నచ్చింది. అది పొడుగ్గా, ఓపిగ్గా, మర్యాదగా రాసింది. డాక్టర్లకు తీరిక లేదన్నది అందులో మనం చదువుకోవాల్సిన మొదటి పాఠం. యంత్రం చిత్తుప్రతి రాస్తే రాయనివ్వండి. కానీ పోయిన నెల ఆ రోగి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది మీరు. అడుగున రిజిస్ట్రేషన్ నంబరు మీది. ప్రతి అక్షరం చదివాకే పంపండి.

నా సూచనలు

ఇంతసేపు విన్నారు. ఆచరణకు మూడు సూచనలు చేసి సెలవు తీసుకుంటాను.

మొదటిది ఈ జిల్లాలోని డాక్టర్లకు. మీ గది బయట ఫీజు బోర్డు పక్కనే ఇంకో చిన్న బోర్డు పెట్టండి. రాయాలంటే ఏ చిరునామాకు, ఏయే విషయాలకు, జవాబు ఎప్పట్లోగా, ఫీజెంత, మీరు కాక ఇంకెవరు చదువుతారు, అత్యవసరమైతే ఏ నంబరుకు. సొంత ఫోనును దీన్నుంచి విడదీయండి. క్లినిక్‌కు ఒక మెయిలు, ఒక వేరే నంబరు తీసుకుని, రోజులో ఒక వేళ దానికి కేటాయించండి. ప్రతి జవాబునూ రోగి ఫైల్లో చేర్చండి. ఆసుపత్రిలో చేరిన రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలన్న నియమం 2002నుంచీ మనకు ఉంది. రోగితో సాగిన ఉత్తరాలకు కూడా అదే మర్యాద దక్కాలి.

రెండోది రోగులకు, వారి ఇంటివారికి. మందుల చీటీ తీసుకుని లేచేముందు ఒక మాట అడగండి: ‘డాక్టరుగారూ, మధ్యలో ఏదైనా ఉంటే మీకు రాయవచ్చా? ఎక్కడికి?’ ఔనంటే పద్ధతిగా రాయండి. కాదంటే ఆ మాటనూ గౌరవించండి. జవాబు అర్థం కాకపోతే వెళ్ళి కలవండి.

మూడోది మన వైద్యకళాశాలలకు. 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో నడవడిక, నీతి, సంభాషణ అన్న అంశాలను మొదటి ఏడాదినుంచీ చేర్చారు. అందులో మాట్లాడటం నేర్పుతున్నారు, మంచిదే. రాయడం కూడా నేర్పండి. ప్రాక్టికల్ పరీక్షలో గుండెచప్పుడు వినిపించే బల్ల పక్కన ఇంకో బల్ల వేసి, దాని మీద ఒక రోగి తెలుగులో రాసిన ఉత్తరం పెట్టండి. పది నిమిషాల్లో తెలుగులో జవాబు రాయమనండి. రోగికి అర్థమైందా, ప్రమాద సూచన పట్టుకున్నాడా, ఎప్పుడు రావాలో చెప్పాడా అన్నవాటికి మార్కులు వేయండి. ఈ ఉపన్యాసం ఏర్పాటుచేసిన స్మారకనిధి నిర్వాహకులు ఏటా ఒక పతకం ఇవ్వాలనుకుంటున్నారని విన్నాను. ఆ పతకం ఆ బల్ల దగ్గర మొదటి మార్కు తెచ్చుకున్న విద్యార్థికి ఇవ్వమని నా మనవి.